మంట ఆరిన తరువాత

ఊరిలో ఎక్కడనో నిప్పంటుకొన్నది. ఎవరో 101కి టెలిఫోను చేసిరి. కొలది నిమిషములలో ఎఱ్ఱని బండి రొదచేయుచు వీథిలో దూసికొని వచ్చును. జనులు ప్రక్కలకు తొలగుదురు. పిల్లలు అరుగులెక్కి చూతురు. మనమందరమును ప్రాణములు దక్కించుకొనుటకై ఇల్లు విడిచి బయటికి పరుగెత్తు సమయమున, ఆ బండిలో వచ్చినవారు బయటినుండి ఇంటిలోనికి పరుగెత్తుదురు. ఈ తలక్రిందుల పనిని నిత్యకృత్యముగా పెట్టుకొన్నవారు అగ్నిమాపక భటులు.

వారి పనిలో ప్రమాదమున్నదని వేరుగా చెప్పనక్కరలేదు. పైకప్పు కూలవచ్చును, గోడ విరిగి పడవచ్చును, గ్యాసు సిలిండరు పేలవచ్చును. 1944 ఏప్రిల్ 14వ తేదీన బొంబాయి విక్టోరియా డాకులో ఫోర్ట్ స్టికిన్ అను ఓడ అంటుకొన్నది. దానిలో ప్రత్తి బేళ్లతోపాటు ప్రేలుడు సామగ్రియు ఉండెను. ఆ మంటను ఆర్పబోయిన దళమువారిలో 66 మంది, ఓడ ప్రేలుటతో ప్రాణములు విడిచిరి. ఆ దినమును స్మరించుచు ఏటేట ఏప్రిల్ 14న దేశమంతటను అగ్నిమాపక దినము జరుపుచున్నారు. మన పట్టణములలోను ఆ వారము దినములు ప్రదర్శనములు, ఉపన్యాసములు జరుగుట శ్రోతలెరిగినదే.

అట్టి మరణములను మనము లెక్కింపగలము. మంటలో పోయినవారి పేర్లు శిలాఫలకముల కెక్కును. కాని మంట ఆరి, బండి స్టేషను చేరి, భటుడు ఇంటికి పోయి, ఇరువది ముప్పది సంవత్సరములు గడచి, ఉద్యోగము విరమించి, మనుమలతో పొద్దుపుచ్చుచుండగా వచ్చు మరణమొకటి కలదు. దానికి శిలాఫలకము లేదు. ఆసుపత్రి కాగితములలో అది కేవలము కాన్సరు. ఏనాడో పీల్చిన పొగ ఈనాడు రోగమై వచ్చినదని ఆ కుటుంబమునకు తోచదు; తోచినను నిరూపించుట సులభము కాదు. ఈ ప్రసంగము ఆ రెండవ విధమైన మరణమును గూర్చినది.

ఫ్రాన్సు దేశమున లియాన్ నగరములో అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ కలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధముగా 1965లో ఇది ఏర్పడినది. ఏ పదార్థము, ఏ అలవాటు, ఏ వృత్తి మానవునకు కాన్సరు కలిగించునో, లోకమందలి పరిశోధనలనన్నింటిని ఒకచోట చేర్చి, తూచి, తీర్పు చెప్పుట దీని ముఖ్యకార్యములలో ఒకటి. 2007లో ఈ సంస్థ అగ్నిమాపక వృత్తిని పరిశీలించి, "కాన్సరు కలిగింపవచ్చును" అని మాత్రము చెప్పి ఊరకుండెను. అనుమానమున్నది, సాక్ష్యము చాలదు అని దాని తాత్పర్యము. పదునైదేండ్లలో మరెన్నియో పరిశోధనలు వచ్చినవి. 2022 జూన్ మాసమున 8 దేశములకు చెందిన 25 మంది శాస్త్రజ్ఞులు మరల కూర్చుండి, ఈ వృత్తి మానవులకు కాన్సరు కలిగించునదియే అని నిశ్చయించి, దానిని మొదటి వర్గమునకు మార్చిరి. పొగాకు పొగయు, ఆస్బెస్టాసును, బెంజీనును ఉన్న వర్గమది.

రెండు కాన్సరుల విషయమున సాక్ష్యము పరిపూర్ణముగా ఉన్నదని వారు తేల్చిరి. మొదటిది మూత్రాశయమునకు వచ్చు కాన్సరు. రెండవది మీసోథీలియోమా, ఊపిరితిత్తులను, ఉదరకోశమును ఆవరించియుండు పలుచని పొరకు ముఖ్యముగా వచ్చు కాన్సరు ఇది. పెద్దప్రేగు, ప్రోస్టేటు గ్రంథి, వృషణములు, చర్మము, లింఫు గ్రంథులు — వీనికి వచ్చు కొన్ని కాన్సరుల విషయమున సాక్ష్యము కొంత కలదు గాని సంపూర్ణము కాదనిరి.

అంకెలు విన్నప్పుడు భయపడుట కంటె వాని అర్థము తెలిసికొనుట మేలు. ఆ శాస్త్రజ్ఞులు వేసిన అంచనా ప్రకారము మూత్రాశయపు కాన్సరు అగ్నిమాపక భటులలో నూటికి 16 పాళ్లు, మీసోథీలియోమా నూటికి 58 పాళ్లు అధికము. నూరుమంది భటులలో 16 మందికి కాన్సరు వచ్చునని దీని అర్థము కాదు. సామాన్య జనులలో 100 మందికి మూత్రాశయపు కాన్సరు వచ్చుచోట, అంతే జనసంఖ్య, అదే వయస్సు గల భటులలో 116 మందికి వచ్చునని అర్థము. అట్లే రెండవ రోగము 100 మందికి వచ్చుచోట 158 మందికి వచ్చును. మీసోథీలియోమా లోకములో చాల అరుదైన రోగము. కనుక దాని పాలు హెచ్చినను మొత్తము రోగుల సంఖ్య స్వల్పమే. మరియు మొదటి వర్గమన్న మాట సాక్ష్యము ఎంత దృఢమో చెప్పును గాని, అపాయము ఎంత పెద్దదో చెప్పదు. అగ్నిమాపకమును, సిగరెట్టును ఒకే వర్గమున ఉన్నంత మాత్రమున రెండును సమానమైన అపాయములని తలపరాదు.

ఇంత ఆలస్యముగా తెలియుటకు కారణమేమని అడుగవచ్చును. నిజమునకు ఈ సంగతిలో సగము 250 ఏండ్లకు పూర్వమే తెలిసియున్నది.

ఆ కాలమున లండను నగరములో ప్రతి యింటను బొగ్గు మండించెడువారు. ఇండ్ల పొగగొట్టములు ఇరుకైనవి, వంకరలు తిరిగినవి. వానిలో పేరుకొన్న మసిని దులుపుటకు పేదపిల్లలను లోనికి ఎక్కించెడివారు. చొక్కాయైనను సరిగా లేని ఆ బాలురు మోచేతులతో, మోకాళ్లతో ప్రాకుచు మసిలో మునిగి తేలెడివారు. నెలల తరబడి స్నానమే ఉండెడిది కాదు. ఆ పిల్లలు పెరిగి పెద్దవారైన పిదప వారిలో కొందరికి వృషణకోశపు చర్మముపై ఒక పుండు లేచి, మానక, ప్రాణము తీసెడిది. లండనులో సెయింట్ బార్తొలోమ్యూ ఆసుపత్రి శస్త్రవైద్యుడైన పెర్సివాల్ పాట్ 1775లో ఈ వ్యాధిని వర్ణించి, చర్మపు ముడుతలలో చిక్కుకొన్న మసియే దీనికి హేతువని వ్రాసెను. ఒక వృత్తివలన కాన్సరు వచ్చునని వైద్యశాస్త్రము స్పష్టముగా గుర్తించుట అదియే మొదలు.

తరువాత నూరేండ్లు గడచినవి. 1892లో హెన్రీ బట్లిన్ అను మరొక ఆంగ్ల వైద్యుడు ఒక చిత్రమైన ప్రశ్న వేసికొనెను: పొగగొట్టములు దులుపువారు ఐరోపా ఖండమంతటను ఉన్నారే, ఈ పుండు ఇంగ్లండులోనే ఎందుకింత హెచ్చుగా వచ్చుచున్నది? విచారించి చూడగా జర్మనీ మొదలగు దేశములలో ఆ పనివారు ఒడలికి బిగువుగా పట్టియుండు దుస్తులు ధరించుటయు, పని ముగియగానే ఒడలు కడుగుకొనుటయు కనబడినది. మసి ఒక్కటే, పొగగొట్టము ఒక్కటే, స్నానములో మాత్రము భేదమున్నది. నా ప్రసంగమునకు ఈ చిన్న సంగతియే ఆయువుపట్టు. దీనిని జ్ఞాపకముంచుకొనుడు, మరల దీనియొద్దకే రాబోవుచున్నాము.

మసిలో ఉన్న విషమేది? 1915లో జపాను శాస్త్రజ్ఞులు యామగివా, ఇచికావా అనువారు కుందేళ్ల చెవులకు నెలల తరబడి తారు పూసి కాన్సరు పుట్టించి చూపిరి. 1933లో లండనులో కెన్నవే అను శాస్త్రజ్ఞుని బృందము రెండు టన్నుల తారుముద్దను వడపోసి, మరగించి, చివరకు అందుండి పసుపు వన్నె గల పలుకులుగా ఒక పదార్థమును వేరుచేసెను. దాని పేరు బెంజోపైరీను. బొగ్గుగాని, కట్టెగాని, నూనెగాని, ప్లాస్టికుగాని గాలి చాలక సగము సగము మండినపుడెల్ల ఈ జాతి పదార్థములు పుట్టును. మన వంటయింటి దూలములకు పట్టిన నల్లని మసిలోను ఇవి ఉండును. కాలుచున్న ఇంటిలో గాలి చాలదు. కనుక అచ్చటి పొగలో ఇవి దట్టముగా ఉండును.

బెంజోపైరీను తనంత తానుగా వెంటనే హాని చేయునది కాదు. అది నీటిలో కరగదు. శరీరము దానిని మూత్రముతో బయటికి పంపదలచి, నీటిలో కరుగునట్లు దాని రూపమును కొంచెము కొంచెముగా మార్చుచు వచ్చును. ఈ మార్పుల నడుమ ఒక దశలో అది మిక్కిలి చురుకైన పదార్థమగును. అప్పుడది జీవకణము లోపల వంశలక్షణములను మోయు డి.ఎన్.ఏ.కు అంటుకొని, అచ్చటి వ్రాతను చెరపును. చాలమట్టుకు కణము ఆ తప్పును సరిదిద్దుకొనును. సరిదిద్దుకొనజాలక, అట్టి తప్పులు ఒకదానిపై ఒకటి పేరుకొన్నపుడు, కణము హద్దు మీరి పెరుగుటకు మొదలిడును. అందులకే ఏండ్లు పట్టును. ఇంటిని శుభ్రము చేయబోయి చెత్తను గుమ్మమున పోసికొన్నట్లు, విషమును వెళ్లగొట్టు ప్రయత్నములోనే శరీరమునకు ఈ గాయము కలుగుచున్నది.

మూత్రాశయమునకే ఎందుకు హెచ్చుగా రావలెనన్న ప్రశ్నకును ఇందులో కొంత సమాధానమున్నది. ఊపిరితోను, చర్మముగుండను లోనికి పోయిన విషములు నెత్తురులో కలిసి, తుదకు మూత్రపిండముల ద్వారా వడగట్టబడి మూత్రాశయమున చేరును. అచ్చట గంటల తరబడి నిలిచి, దాని లోపలిపొరను తాకుచుండును. బీడీ, సిగరెట్టు త్రాగువారికి మూత్రాశయపు కాన్సరు హెచ్చుగా వచ్చుటకును ఇదే దారి. కనుక పొగత్రాగు అలవాటున్న భటుడు రెండు పొగలను మోయుచున్నవాడే.

మీసోథీలియోమా కథ వేరు. దానికి ముఖ్యకారణము ఆస్బెస్టాసు. ఇది నిప్పుకు కాలని ఒక ఖనిజపు నార. పూర్వము అనేక దేశములలో గోడల నడుమ, ఆవిరిగొట్టముల చుట్టు, పైకప్పులలో దీనిని విరివిగా వాడిరి. మంటలో కట్టడము పగిలినపుడు ఈ నార కంటికి కానరాని సన్నని సూదులై గాలిలో లేచును. ఊపిరితో లోనికి పోయిన సూదులలో కొన్ని పొరలో దిగబడి అచ్చటనే ఉండిపోవును. రోగము బయటపడుటకు ఇరువది మొదలు ఏబది సంవత్సరములు పట్టవచ్చును. అనేక దేశములు దీని వాడుకను నిషేధించినవి. మన దేశమున మాత్రము ఇండ్లపైన, గిడ్డంగులపైన, కోళ్లఫారములపైన పరచు సిమెంటు రేకులలో చాలవరకు ఈ నారయే ఉన్నది. వేడికి ఆ రేకులు టపటప ప్రేలి ముక్కలగుట మనము చూచినదే. తెలుగునాట ఏ గిడ్డంగి తగులబడినను అచ్చటికి పోవు దళమునకు ఈ లియాన్ తీర్పుతో నేరుగా సంబంధమున్నది.

ఇంక నేటి మంటలలో మరియొక విశేషము. తాటియాకు గుడిసె కాలిన పొగ నిరపాయమైనదని కాదు. కట్టెపొగలోను బెంజీను, ఫార్మాల్డిహైడు ఉన్నవి. కాని నేటి ఇంటిలో స్పంజి పరుపులు, ప్లాస్టికు కుర్చీలు, నైలాను తెరలు, విద్యుత్తు తీగల తొడుగులు నిండియున్నవి. ఇవి త్వరగా అంటుకొని, చిక్కని నల్లని పొగ చిమ్మును. స్టేషనులో బండి నిలిపినచోట డీసెలు పొగ మరియొకటి. అదియు 2012నుండి మొదటి వర్గముననే ఉన్నది. నూనె మంటల నార్పుటకు వాడిన కొన్ని నురుగులలోను, నీరంటని దుస్తుల పూతలలోను ఉన్న ఫ్లోరిను రసాయనములలో ఒకటి 2023లో అదే వర్గమున చేరినది. రాత్రి కాపలాలు, తెగిన నిద్ర వీనికి తోడు. ఇట్లు అపాయము ఒక పదార్థమునందు లేదు. వృత్తి యంతయు కలిసి అపాయమగుచున్నది. అందుచేతనే శాస్త్రజ్ఞులు వృత్తినే పట్టికలో చేర్చిరి.

ఈ సంగతులు జనులపై ఎట్లు రుజువైనవో ఒక ఉదాహరణము చెప్పెదను. అమెరికా ప్రభుత్వపు వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థవారు చికాగో, ఫిలడెల్ఫియా, శాన్ ఫ్రాన్సిస్కో నగరములలో 1950 మొదలు 2009 వరకు పనిచేసిన సుమారు 30,000 మంది అగ్నిమాపక భటుల చరిత్రలను వెదకి తీసిరి. ఎవరికి ఏ కాన్సరు వచ్చినది, ఎవరు దేనివలన మరణించిరి అని లెక్కించిరి. 2013లో వెలువడిన ఫలితము ప్రకారము, ఆ దేశపు సామాన్య జనులకంటె ఈ భటులలో కాన్సరు నూటికి 9 పాళ్లు, కాన్సరు మరణములు 14 పాళ్లు అధికము. మీసోథీలియోమా సుమారు రెండింతలు. తరువాత మరియొక లెక్క తీయగా, మంటలయొద్ద గడపిన గంటలు పెరిగినకొలది ఊపిరితిత్తుల కాన్సరు పెరుగుచున్నట్లు కనబడినది.

9 పాళ్లు ఏపాటి అని కొందరనవచ్చును. ఇక్కడ ఒక మెలిక యున్నది. అగ్నిమాపక దళమున చేరుటకు ఎత్తు, ఛాతీ, చూపు, పరుగు అన్నియు పరీక్షింతురు. రోగిష్ఠివారిని తీసికొనరు. కావున దళములోనివారు మొదటినుండియు సామాన్య జనులకంటె ఆరోగ్యవంతులు. ఎక్కువ ఆరోగ్యముతో బయలుదేరినవారు తక్కువ రోగములతో గమ్యము చేరవలెను గదా! అట్లుగాక సమానముగా చేరినను, ఏదో లోపమున్నదని అనుమానింపవలసినదే. ఇక్కడ సమానము గాక, మించియే ఉన్నది.

న్యూయార్కు నగరపు అనుభవము మరింత హృదయవిదారకమైనది. 2001 సెప్టెంబరు 11వ తేదీన ప్రపంచ వాణిజ్య కేంద్రపు జంటభవనములు కూలినపుడు ఆ నగర దళమువారు 343 మంది ఒక్కదినముననే మరణించిరి. మిగిలినవారు నెలల తరబడి ఆ ధూళిలో, ఆ పొగలో శిథిలములను తవ్విరి. ఆ ధూళివలన కాన్సరును, ఊపిరితిత్తుల జబ్బులును, ఇతర వ్యాధులును పొంది మరణించినవారి సంఖ్య 2023 సెప్టెంబరు నాటికి 343కు చేరినది. ఒక్క ఉదయమున ఎంతమంది పోయిరో, తరువాతి 22 సంవత్సరములలో నిశ్శబ్దముగా అంతమంది పోయిరి. అది అసాధారణమైన ఘటనయే. అయినను మంట ఆరినంతనే ప్రమాదము ఆరదను సత్యమునకు ఇంతకంటె కఠినమైన నిదర్శనము లేదు.

ఇప్పుడు బట్లిన్ వైద్యుడు చెప్పిన స్నానము సంగతికి మరలి వత్తము.

విషము శరీరమున ప్రవేశించు దారులలో ముఖ్యమైనవి రెండు: ముక్కు, చర్మము. ముక్కు దారిని మూయుటకు వీపున గాలి సిలిండరు, ముఖమునకు మాస్కు ఉన్నవి. మంటలో చొరబడునపుడు వానిని ధరింతురు. చిక్కు ఎక్కడ వచ్చుచున్నదనగా, మంట ఆరిన పిమ్మట. నిప్పురవ్వ మిగిలినదేమో అని బూడిదను తిరుగవేయవలెను, కాలిన దూలములను లాగవలెను. పొగ పలుచబడినది, కన్ను మండుట లేదు, సిలిండరు బరువు, ఒడలంతయు చెమట. అప్పుడు మాస్కు తీసివేయుట సహజము. కాని చల్లారుచున్న శిథిలములనుండి విషవాయువులును, సన్నని ధూళియు లేచుచునే యుండును. కంటికి కనబడు పొగ తగ్గినదన్న ధైర్యమే అచ్చట మోసము చేయుచున్నది.

చర్మము రెండవ దారి. అమెరికాలో శాస్త్రజ్ఞులు నిజమైన గృహోపకరణములతో గదులు సిద్ధపరచి, వానిని తగులబెట్టి, భటులచేత ఆర్పించి పరీక్షలు చేసిరి. లోపలనున్నంతసేపును మాస్కు ధరించిన భటుల మూత్రములో సైతము మంటకు పూర్వముకంటె పొగవిషముల జాడలు పెరిగినవి. ముక్కు మూసినను చర్మము తెరచియే యున్నది. ముఖ్యముగా మెడ. తలముసుగు అల్లికగుడ్డతో చేయుదురు గనుక పొగ దానిగుండ దూరును; మెడ చర్మమేమో పలుచన; చెమటతో, వేడితో అచ్చట నెత్తురు ప్రవాహము హెచ్చును.

ఆ పరీక్షలలోనే చికిత్సయు దొరకినది. మంట ఆర్పి వచ్చినవారి కోట్లపై నీరు చల్లి, పళ్లెములు తోము సబ్బుతో రుద్ది కడిగినపుడు, పైన పట్టిన మసివిషములలో నూటికి 85 పాళ్లు పోయినవి. పొడి కుంచెతో దులిపినచో ఇందులో స్వల్పభాగమే పోయినది. తడిగుడ్డ వంటి కాగితముతో మెడ తుడిచినచో చర్మముపైని విషము సగమునకు పైగా, నూటికి 54 పాళ్లు, తగ్గినది. ఒక బకెట్టు నీరు, కొంచెము సబ్బు, ఒక కుంచె, పది నిమిషముల ఓపిక: ఇవి ఏ చిన్న స్టేషనుకైనను అందని వస్తువులు కావు. గొప్ప యంత్రములు వచ్చువరకు ఆగవలసిన పనియు లేదు.

స్వీడను దేశపు ఉత్తరభాగమున షెలెఫ్టియో అను పట్టణపు భటులు ఈ విషయమున అందరికి దారి చూపిరి. మంటయొద్దనే మసిదుస్తులను విప్పి, మూతగట్టిన సంచులలో ఉంచి, మనుష్యులు కూర్చుండు గదిలో గాక వేరుగా తెత్తురు. స్టేషనులో మసి తగిలిన భాగము వేరు, శుభ్రమైన భాగము వేరు. నడుమ స్నానశాల. ఒకదానినుండి రెండవదానిలోనికి కడుగుకొననిదే పోరాదు. ఇది మనకు క్రొత్త సంగతి కాదు. శ్మశానమునుండి వచ్చినవారు గడప దాటకముందే స్నానముచేసి, కట్టుబట్టలు బయటనే తడిపి వేయుట మన పెద్దలు నేర్పిన ఆచారమే గదా! మంటనుండి వచ్చిన కోటును మైలబట్టగా ఎంచినచో చాలును.

కాని అలవాటు మార్చుట కష్టము. ఈ వృత్తిలో మసి ఒక గౌరవచిహ్నము. నల్లబారిన టోపీ, పొగవాసన వేయు కోటు అనుభవశాలి గురుతులని లోకమంతటను భటులు తలచుచు వచ్చిరి. క్రొత్తగా చేరినవాని కోటు శుభ్రముగా ఉన్నదని పరిహసించిరి. మంటలను జయించి వచ్చినవాడు ఆ నలుపును జయపతాకవలె ధరించుట అర్థము చేసికొనదగినదే. అయినను ఆ పతాకమే వానికిని, వాని బట్టలు ఉతుకు ఇల్లాలికిని, ఎదురేగి కాళ్లకు చుట్టుకొను బిడ్డకును కీడు చేయగలదని తెలిసిన తరువాత దానిని దించివేయుటయే వివేకము.

స్టేషను అధికారుల బాధ్యత మరింత పెద్దది. ఉన్నది ఒక్క జత దుస్తులైనచో దానిని ఉతికి ఆరవేయుట ఎట్లు? రెండవ పిలుపు రాగానే ఆ మసికోటే తొడుగవలసి వచ్చును. కాబట్టి ప్రతి భటునికి రెండవ జత, స్టేషనులోనే ఉతుకు సౌకర్యము, స్నానమునకు చాలినంత నీరు, శిథిలములు తిరుగవేయువరకు సరిపడు గాలి సిలిండర్లు ఉండవలెను. కడుగుకొనుమని ఉపదేశించుట సులభము. కుళాయిలో నీరుండవలెను గదా!

ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినట్లు అను సామెత ఈ రోగమునకు మిక్కిలి తగును. రోగము బయటపడిన నాడు పడు జాగ్రత్త గడచిన ముప్పదియేండ్లను వెనుకకు తేజాలదు. అయినను అప్పటికి చేయవలసినది కొంత ఉన్నది. మూత్రములో నెత్తురు కనబడుట, నొప్పి లేకపోయినను, మూత్రాశయపు కాన్సరుకు తొలిగురుతు కావచ్చును. వెంటనే వైద్యునికి చూపవలెను. తొలిదశలో పట్టుకొన్నచో ఈ కాన్సరును చాలవరకు కుదుర్పవచ్చును. విడువని ఆయాసమును, ప్రక్కనొప్పిని కూడ అశ్రద్ధ చేయరాదు. ఉద్యోగము విరమించినవారు ఈ మాటను ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలెను. ఏలయన రోగము వచ్చునది వారి వయస్సులోనే.

ఇక న్యాయము మాట. ముప్పదియేండ్ల క్రిందటి ఏ మంట ఈ రోగమునకు కారణమో చూపుమని ఒక వితంతువును అడిగినచో ఆమె ఏమి చెప్పగలదు? ఈ చిక్కును గుర్తించి కెనడా దేశపు మానిటోబా రాష్ట్రము 2002లో ఒక చట్టము చేసినది. నిర్ణీత సంవత్సరములు సేవచేసిన భటునకు మెదడు, మూత్రాశయము, మూత్రపిండము మొదలగు ఐదు కాన్సరులలో ఏది వచ్చినను, అది వృత్తివలన వచ్చినదనియే భావింపవలెను. కాదనువారు తమ వాదమును నిరూపించుకొనవలెను. నిరూపణభారము ఇట్లు రోగి భుజమునుండి తొలగినది. తరువాత ఆ దేశమందలి ఇతర రాష్ట్రములును ఈ దారి త్రొక్కినవి. అమెరికాలో 2018లో చేసిన చట్టము ప్రకారము అగ్నిమాపక భటుల ఆరోగ్య పట్టిక ఒకటి ఏర్పడి, 2023లో పేర్ల నమోదు మొదలైనది. లెక్కలో చేరనివారికి న్యాయము జరుగుట కష్టమని వారు గ్రహించిరి.

మనము చేయదగినదియు ఇక్కడనే మొదలుపెట్టవచ్చును. ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని 1700లో పనివారి వ్యాధులను గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. రోగిని అడుగవలసినవని ప్రాచీనులు చెప్పిన ప్రశ్నలకు ఆయన మరియొక ప్రశ్న చేర్చెను: నీవు చేయు పని ఏమి? మూడువందల సంవత్సరములు గడచినను ఆ ప్రశ్న అనేక ఆసుపత్రులలో అడుగువారు లేరు. అడిగినను పింఛనుదారు అని వ్రాసి ముగింతురు. పింఛను తీసికొనుటకు ముందు ఏమి చేసెనని మరొక్క మాట అడిగినచో, ఆ కాగితము ఏనాటికైనను సాక్ష్యమగును. వైద్యుడు అడుగకున్నను ఇంటివారే చెప్పవలెను: "మా నాయనగారు ఫైరు సర్వీసులో ముప్పదియేండ్లు పనిచేసినారండి" అని.

మీ ప్రక్కయింటిలో ఒక అగ్నిమాపక భటుడు ఉండవచ్చును; మీ యింటనే ఉండవచ్చును. ఏ అర్ధరాత్రియో పనిముగించి అతడు అలసి వచ్చినపుడు, గడపయొద్ద ఒక బకెట్టు నీరు, సబ్బు, పొడిబట్ట సిద్ధముగా ఉంచుడు. ఆ మసికోటు విప్పి బయటనే విడిచి, స్నానముచేసి, ఆ తరువాతనే బిడ్డను ఎత్తుకొనుమని చెప్పుడు.